గుమ్మం బయట బూట్లు

లిస్బన్‌లో మా బస కొండ మీద. ఆదివారం పొద్దున్న విమానానికి టైమైపోతోందని తలుపు తీస్తే, గుమ్మం బయట నా బూట్లు లేవు.

"రాజోల్లోలాగా బయట విప్పేసేరేంటండీ? ఉన్నది ఆ ఒక్క జతే కదండీ!" అని మా ఆవిడ కంగారుపడిపోయింది.

వట్టికాళ్ళతో మెట్లు దిగేను. మలుపులో ఓ ముసలాయన నా బూట్లేసుకుని గోడ మీద బొమ్మ గీస్తున్నాడు. దొంగ దొరికేడని గట్టిగా అరిచేను.

"బయట పెడితే వద్దనుకున్నారనే కదా? మా వీధిలో అంతే," అన్నాడు ఇంగ్లీషులో, తెల్లబోయి. వెంటనే విప్పి, చొక్కాతో తుడిచి, నా చేతికిచ్చేడు.

సిగ్గేసింది. మరి మీవేవని అడిగేను.

"ఇవి దొరికేయి కదాని, నా పాతవి పొద్దున్నే గుమ్మం బయట పెట్టేసేను. ఎవరో పట్టుకెళ్ళిపోయేరు."

కింద టాక్సీ హారన్ కొడుతోంది. ఇద్దరం వట్టికాళ్ళతో నిలబడి ఆ బూట్లకేసే చూస్తున్నాం.