ముప్పై వేల ముప్పై ఒకటి

మా సుగుణక్క ఇంటికి వెళ్లినప్పుడల్లా వానకు తడిసిన పాత టేకు పలకల వాసన నన్ను మెట్ల దగ్గరే పట్టేసుకుంటుంది. తెలుగు కూలీలు వలస వచ్చి స్థిరపడిన కామాటిపురలో మేం పుట్టి పెరిగిన వరుసగదుల చాల్ అది. సగం గదులు ఖాళీ అయ్యాయి, వరండా కూలకుండా ఇనప గుంజలు ఆనించారు. ఆ వరండా పలకల మీదే, కింద సందులో ఆడవాళ్లు బతుకమ్మలు పేరుస్తుంటే, అమ్మ రొట్టె, బెల్లం కలిపి పెట్టిన మలీద ముద్ద ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో సుద్దముక్క పట్టుకుని మా అక్క అంకెలతో ఆడుకునేది.

తెలుగు బడిలో ఏడో తరగతి చదివే అక్కకు ప్రధాన సంఖ్యలంటే పిచ్చి. ఒకటీ, తానూ తప్ప మరే సంఖ్యా శేషం లేకుండా భాగించలేనివి అవి. ఒక వానాకాలం ఆమె రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు అన్నిటినీ గుణించి, వచ్చిన ముప్పై వేల ముప్పైకి ఒకటి కలిపింది. ఆ ఆరింటిలో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది.

"ఇది దేనికీ తెగదే చెల్లె. గింత పెద్ద ప్రధాన సంఖ్య మనదే," అంది.

నమ్మాలంటే తర్వాతి ప్రధాన సంఖ్యలతో కూడా భాగించి చూడాలి. పదిహేడు, పంతొమ్మిది, ఇరవై మూడు... తీరిక దొరికినప్పుడల్లా ఒకటి చేసేవాళ్లం. రంగులపని నుంచి వచ్చిన నాయిన మా అంకెలు తొక్కకుండా గోడవారగా నడిచేవాడు. యాభై మూడు దాకా వెళ్లాం. తెగలేదు.

ఆ ఏడే, పిల్లలు చాలడం లేదని తెలుగు బడి మూసేశారు. అక్కను మరాఠీ బడిలో వేశారు. మొదటి వారంలోనే పంతులమ్మ ఆమెను నిలబెట్టి 'మూళ్ సంఖ్యా' అంటే ఏమిటని అడిగింది. ప్రధాన సంఖ్యకు మరాఠీలో అదే పేరని అక్కకు తెలియదు. పిల్లలంతా నవ్వారు.

"నాకు లెక్కలు రావమ్మా," అంది ఇంటికొచ్చి.

అమ్మ బతిమాలింది, నాయిన కోప్పడ్డాడు. అక్క మళ్లీ బడి గడప తొక్కలేదు. కుట్టుపని కార్ఖానాలో దారాలు కత్తిరించే పనికి కుదిరింది. వరండాలో అంకెలు వానజల్లుకు పోయాయి.

మొన్న మా అబ్బాయి ఫోన్‌లో ఆ సంఖ్య వేసి చూపించాడు. యాభై తొమ్మిదిని ఐదువందల తొమ్మిదితో గుణిస్తే సరిగ్గా అదే వస్తుంది. యాభై మూడు తర్వాతి ప్రధాన సంఖ్య యాభై తొమ్మిదే. అది చెప్పాలనే వెళ్లాను.

"అక్కా, మన సంఖ్య యాభై తొమ్మిదితో తెగుతదంట."

చూపు సరిగా ఆనని కళ్లను ఆమె నా వైపు తిప్పింది.

"గప్పుడే తెలిస్తే మంచిగుండె," అంది. "ఇప్పుడు తెగితే ఏంది, తెగకపోతే ఏంది."

అక్క మనవరాలు వచ్చి "కాయ్ ఝాలా, ఆజీ?" అని, ఏమైందో మరాఠీలో అడిగింది. ఏమీ లేదని అక్క మరాఠీలోనే చెప్పి పంపేసింది. ప్రధాన సంఖ్య అనే మాట తెలిసినవాళ్లం ఆ అంతస్తులో మేమిద్దరమే మిగిలాం. పొద్దుపోయేదాకా కూర్చున్నాం గానీ, ఇద్దరిలో ఎవరమూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.