పువ్వు చెరిపిన తుపాకి

పోయిన వారం రాజమండ్రి గ్రంథాలయంలో, ఎవరో పెద్దాయన పోయాక ఇంట్లోవాళ్లు పంపేసిన పుస్తకాల కట్టలు విప్పుతుంటే, పాత ఆయుధాలు సేకరించేవారి కోసం ఇంగ్లండులో అచ్చువేసిన పుస్తకం ఒకటి దొరికింది. నేను నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు సొంతంగా నేర్చుకున్నాను. ఆ గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం. పేజీలు తిప్పుతుంటే ఒక బొమ్మ దగ్గర చెయ్యి ఆగింది. మామూలు తుపాకి కన్నా జానెడు పొట్టి గొట్టం, భుజానికి ఆనించుకునే ముదురు రంగు కర్ర మడమ. కింద 'జపాను గుర్రపు దళం వాడినది' అని ఉంది. అది మా మేనమామ తుపాకి.

మావయ్య నిడదవోలు దగ్గర కాలవ గట్టు ఊరివాడు. మద్రాసు పటాలంలో సిపాయిగా చేరి, చైనాలో గొడవలప్పుడు ఓడెక్కి వెళ్లాడు. ఆయన అక్కడ ఉండగానే అత్తయ్య జ్వరంతో పోయింది. ఆ కబురు మోసిన ఉత్తరం ఆయన్ని చేరేసరికి ఆర్నెల్లు దాటింది. పింఛనుతో తిరిగొచ్చినప్పుడు ఆయన వెంట ఒక ట్రంకు పెట్టె, నూనెగుడ్డలో చుట్టిన ఈ తుపాకి తప్ప ఇంకేమీ లేవు. తూటా తోసే గొళ్లెం విరిగిపోయింది. విరక్కపోయినా దానికి పట్టే తూటా గోదావరి జిల్లాలో ఎక్కడుంది గనక? గోడకు రెండు మేకులు కొట్టి, వాటిమీద పెట్టుకుని, రోజూ పొద్దున్నే కొబ్బరినూనెతో తుడిచేవాడు. ఆ ఇంట్లో ఆయన ముట్టుకుని పలకరించే వస్తువు అదొక్కటే. వరి పాలు పోసుకునే రోజుల్లో దాన్ని భుజాన వేసుకుని గట్లమీద తిరిగేవాడు. పిచ్చుకలు మాత్రం ఆయన్ని చూసి కాస్త పక్కకు జరిగి మళ్లీ తినేవి.

"ఏం మావా, ఇవాళ ఎన్ని పడ్డాయేంటి?" అని కలుపు తీసే ఆడవాళ్లు అడిగేవారు.

"నా మీసం చూసే పడిపోతున్నాయమ్మా. తూటా దండగ" అనేవాడు.

ఆ తుపాకి ఇచ్చిన మనిషి గురించి మాత్రం నాకొక్కడికే చెప్పేవాడు. అతనొక జపాను రౌతు. ఆ గొడవల్లో జపానువాళ్లూ మన దొరలూ ఒకే పక్షం కనక రెండు పటాలాలూ పక్కపక్కన దిగాయి. అప్పుడు అతని గుర్రం కడుపునొప్పితో నేలమీద పడి కొట్టుకుంటోందట. మన ఊళ్లో ఎడ్లకు పోసినట్టే అల్లం, వాము, బెల్లం నూరి, మావయ్య వెదురు గొట్టంతో దాని గొంతులో పోశాడు. తెల్లారేసరికి గుర్రం లేచింది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఆ చలికాలమంతా ఇద్దరూ ఒకే నెగడు దగ్గర కూర్చున్నారు. అత్తయ్య ఉత్తరం వచ్చిన రోజున అతను సాయంత్రం దాకా పక్కనే ఉన్నాడట. వెళ్లిపోయే ముందు, పనికిరాదని పక్కన పడేసిన తుపాకి ఒకటి తెచ్చి, దానిమీద చెక్కిన చామంతి పువ్వును ఆకురాయితో అరగదీసి, రెండు చేతులా మావయ్యకు అందించాడు.

"అంత అందమైన పువ్వు, అల్లుడూ. ఇచ్చేవాడు దాన్నెందుకు చెరిపాడంటావు? నీ పుస్తకాల్లో చూడు."

వెతికాను. ఆ పువ్వు జపాను చక్రవర్తి ముద్ర అని దొరికింది. ఎందుకు చెరుపుతారో దొరకలేదు.

జపాను రష్యాను ఓడించిందని పేపర్లు రాస్తున్న రోజుల్లో, ఊళ్లో ఉన్న తుపాకులన్నిటికీ లైసెన్సు చూపించాలని కబురొచ్చింది. "పిట్టల కాపలాకి నాటు తుపాకి అని చెప్పండి, ఇచ్చేస్తారు" అని కరణంగారు చెప్పి పంపారు. మావయ్యా నేనూ పడవెక్కి వెళ్లాం. కచేరీలో గుమాస్తాగారు తుపాకికేసి సరిగా చూడను కూడా లేదు.

"నాటుదేనా?"

"అంతేనండి. పిట్టల్ని తోలుకోడానికండి" అన్నాడు మావయ్య.

గుమాస్తాగారు కలం సిరాలో ముంచారు. నేను ఊరుకుంటే అయిపోయేది. "నాటుది కాదండి" అన్నాను. "జపాను అశ్విక దళానిదండి. ఇదిగో, ఇక్కడ వాళ్ల చక్రవర్తిగారి పదహారు రేకుల చామంతి ఉండేది."

గుమాస్తాగారు కలం కింద పెట్టారు. "చదువుకున్నవారిలా ఉన్నారే. ఎక్కడ చదివారేంటి?"

"సొంతంగానేనండి."

"మంచిదండి. సైన్యం తుపాకి ఇంట్లో ఉంచుకోనిస్తే నా ఉద్యోగం ఉండదు. అక్కడ పెట్టి వెళ్లండి."

మావయ్య దాన్ని బల్లమీద పెట్టి, నూనెగుడ్డ మాత్రం మడిచి తెచ్చుకున్నాడు. తిరుగు పడవలో, ఒళ్లో ఇంకా ఏదో ఉన్నట్టే రెండు చేతులూ మోకాళ్లమీద ఆనించి కూర్చున్నాడు. కాలవ నీళ్లు ఎక్కించి దించే లాకు తలుపుల మధ్య పడవ ఆగింది. "మొత్తానికి గుమాస్తాగారు కూడా నీ చదువు మెచ్చుకున్నారు, అల్లుడూ" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. నీళ్ల మట్టం సరిపడేదాకా ఆగి, "పోనీ, ఆ పువ్వెందుకు చెరిపాడో దొరికిందా?" అని అడిగాడు.

తెలియదు అనడం అప్పట్లో నాకు రాదు. "రాజముద్ర పరాయివాళ్ల చేతికి పోకూడదనుకుంటారు మావయ్యా. అందుకే."

"పరాయివాళ్లు" అన్నాడు, లాకు తలుపులకేసి చూస్తూ. "అంతే అయ్యుంటుందిలే."

ఆ తరవాత ఆ రౌతు మాట ఆయన నోట మళ్లీ రాలేదు. గోడ మేకులకు తువ్వాలు ఆరేసుకునేవాడు. పొద్దుటిపూట చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు అరుగుమీద కూర్చునేవాడు. నాలుగేళ్లకు పోయాడు.

ఇప్పుడీ పుస్తకంలో, పువ్వు చెరగని తుపాకులకే వెల ఎక్కువని రాసి, కింద చిన్న అక్షరాల్లో కారణం చెప్పారు. నిఘంటువు తీసి మూడుసార్లు చదివాను. పువ్వు ఉన్నంతకాలం ఆ తుపాకి చక్రవర్తి సొత్తు. దాన్ని అరగదీస్తే సైన్యం దాన్ని వదులుకున్నట్టు. ఆపైన అది పట్టుకున్నవాడిదే. అంటే నేను గుమాస్తాగారికి వేలు పెట్టి చూపించిన ఆ గరుకు చోటే, అది సైన్యానిది కాదని చెప్పగల గుర్తు. అంటే ఆ రౌతు, ఇది ఇంక మా రాజుది కాదు, పూర్తిగా నీది అని, తనకు చేతనైన ఒకే ఒక్క భాషలో చెప్పాడు. మావయ్య వినగలిగినప్పుడు నేను దాన్ని తప్పు చదివి వినిపించాను.

పుస్తకం మూసి బీరువాలో పెట్టేశాను. ఆ పడవ ప్రయాణానికి నలభై ఏళ్లు దాటింది. నేను మాత్రం ఇంకా ఆ లాకులోనే, మావయ్య ఇంకొక్కసారి అడుగుతాడేమోనని కూర్చునే ఉన్నాను.