యల్లమంద గుల్లబట్టీ

గురజాల చుట్టూ ఎక్కడ తవ్వినా సున్నపురాయే. అయినా మా వీధి యల్లమంద తమలపాకుల్లోకి సున్నం మాత్రం సముద్రపు గుల్ల కాల్చే చేస్తాడు. బాపట్ల తీరం నుంచి లారీలో బస్తాలు వస్తాయి. సముద్రం ఎరగడు గానీ, లారీ వాళ్లను అడిగి అడిగి గుల్ల బతుకంతా తెలుసుకున్నాడు. నాలుకలాంటి ఒక్క కాలుతో బురద తవ్వుకుని అందులోనే కూరుకుని బతుకుతుందట. పోటు వస్తే చిప్పలు కాస్త తెరిచి నీళ్లు పీల్చుకుంటుంది. అలికిడైతే మూసుకుంటుంది. చస్తే నోరు తెరుస్తుంది. బురద నిండినవి కొన్ని మాత్రం చచ్చాక కూడా మూసుకునే ఉంటాయి.

ఆయన భయమంతా వాటితోనే. లోపలి తడి బట్టీలో ఆవిరై చిప్ప పేలుతుంది. అందుకే బస్తా బస్తా ఏరతాడు. నీళ్లన్నా అంతే భయం. కాలిన గుల్ల మీద నీళ్లు పడితే కుతకుతా ఉడకడం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాడు. అందుకని సున్నం కంట్లో పడినా ఆముదమే వెయ్యాలనేవాడు. ఈ మొండితనం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మొన్న ఒకరోజు మబ్బు కమ్మింది. వాన భయంతో ఒక బస్తా ఏరకుండానే, కాలుతున్న గుల్ల మీద కుమ్మరించాడు. భార్య కుసుమ వంగి కడ్డీతో సర్దుతోంది. మూసుకున్న గుల్ల ఒకటి ఠప్పున పేలి, కాలిన సున్నం ఆమె కుడికంట్లోకి ఎగిసింది.

కుసుమ నీళ్లతొట్టి వైపు పరిగెత్తింది. యల్లమంద అడ్డంపడి ఆమె చేతులు పట్టుకున్నాడు.

"వద్దే, కన్ను ఉడికిపోద్ది. ఆముదం ఏస్తా, ఆగు."

"మండిపోతందయ్యా. నీళ్లు పొయ్యనీ."

వదల్లేదు. ఆముదం పోశాడు. ఆమె అరుపులకు పక్కింటి నర్సు దీప్తి వచ్చిపడింది.

"ఏంది బాబాయ్ ఈ పని? నీళ్లు పొయ్యాల, ఆపకుండా పొయ్యాల."

కుసుమ తల కదలకుండా దీప్తి పట్టుకుని, రెప్పలు విడదీసింది. ఇక పోయడానికి మిగిలింది ఆయనే. చెంబు ఎత్తాడు. పెళ్లాం కన్ను తన చేత్తోనే ఉడకబెడుతున్నానని ఆయన నమ్మకం. పళ్లు బిగబట్టి పోశాడు.

"హమ్మయ్య, చల్లగుంది," అంది కుసుమ. "ఇంకా పొయ్యి."

నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టరు కన్ను చూసి, ఇక వెలుతురు తప్ప ఏమీ ఆనదన్నాడు. పడగానే నీళ్లెందుకు పొయ్యలేదని యల్లమందను గట్టిగా అడిగాడు.

"అక్కడ నీళ్లు లేవండీ," అంది కుసుమ.

యల్లమంద వరండాలోకి వెళ్లి గోడవార కూలబడి భోరున ఏడ్చాడు.