కత్తెర పడకముందే

ఇది 2024 ఆషాఢం నాటి మాట. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందులో నాది బట్టలు కుట్టే కొట్టు. మూడో తరగతితో బడి మానేశాను, కొలతలు రాసుకోవడానికి ఆ చదువు చాలింది. శ్రావణం పెళ్లిళ్ల జాకెట్లన్నీ ఆషాఢంలోనే వచ్చి పడతాయి. కుట్టలేని గుడ్డను మడత విప్పకుండా అదే రోజు తిరిగిచ్చేయాలి. ఒంట్లో బాగోలేదని మాత్రం అనకూడదు. అంటే, "తగ్గినాకే కుట్టు మామ్మా, తొందర్నేదు" అని గుడ్డ అక్కడే పెట్టి పోతారు.

నా కుట్టులో మార్జిన్ ఎక్కువ. మార్జిన్ అంటే కుట్టు లోపల వదిలే అదనపు గుడ్డ. ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చు. పైన కూడా కాస్త వదులుగానే కుడతాను. కొన్న బట్ట ఏళ్ల తరబడి రావాలి. దీనికి ఎవరూ ఎప్పుడూ కాదనలేదు.

హైమ మా సందులో పిల్ల. ఉప్పుగాలికి ఓడల ఇనుము ఎలా తుప్పు పడుతుందో పరిశోధించాలని దాని కోరిక. అందుకు పీహెచ్‌డీలో చేరాలట, అంటే ఒక ప్రొఫెసరు దగ్గర ఏళ్ల తరబడి పని నేర్చుకోవడం. పుణేలో ఒకావిడ సరిగ్గా ఆ తుప్పు పనే చేస్తోంది, రమ్మంది. చెన్నైలో ఇంకో ప్రొఫెసరు, తెలుగాయన, వంతెనల మీద పరిశోధన చేస్తాడు. ఆయన తన దగ్గరున్న ఒక్క సీటూ హైమకే అన్నాడు. దాని మనసు పుణే మీద ఉంది.

ఒకరోజు కుర్తా గుడ్డ పట్టుకుని దిగాలుగా వచ్చింది.

"ఏటే, అలాగున్నావు?"

"చెన్నై సార్‌కి రానని రాసేను మామ్మా."

"మంచిదే కదా."

"మా మామ్మకి ఒంట్లో బాగోలేదు, వదిలి రాలేనని రాసేను. తగ్గేదాకా సీటు ఆపుతానన్నారు."

"నీకు మామ్మేదే?"

"నిన్నే అనుకుని రాసేను."

మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టాను. "నాకేటి రోగం?"

"మోకాళ్లు."

"అది నిజమే. ఇంకా?"

"గుండె కూడా రాసేను."

"నీ దొంగ గుండెజబ్బుకి ఇంకో పిల్లకి దక్కాల్సిన సీటు ఆగిపోయింది. ఆయన గుడ్డ ఆయనకిచ్చెయ్. ఫోన్ సెయ్ ముందు."

చేసింది. స్పీకర్ పెట్టమన్నాను.

"హైమా, మామ్మగారికి ఎలా ఉందమ్మా?" అన్నాడు ప్రొఫెసరు.

అది ఫోన్ నా వైపు జరిపింది. నేను వంగి, "నాను బాగానే ఉన్నాను బాబూ. మిషను తొక్కుతన్నాను" అన్నాను.

ఆయన కంగారుపడ్డాడు. "గుండెజబ్బుతో మిషను తొక్కకూడదమ్మా."

"గుండెకేటీ నేదు బాబూ. పిల్ల బెదిరి రాసింది. అసలు మాట అదే సెప్తాది."

ఫోన్ దాని ముందుకు తోశాను. పైట అంచు మెలిపెట్టినట్టు చున్నీ మెలిపెడుతూ చెప్పింది. "క్షమించండి సార్. మామ్మకి జబ్బు లేదు. మీరు నన్ను నమ్మి సీటిచ్చారు, అది మర్చిపోను. కానీ నా మనసు తుప్పు పని మీదే ఉంది. పుణేలో చేరుతున్నాను. ఆ సీటు వేరేవాళ్లకి ఇచ్చేయండి."

"ఈ మాట ముందే రాయాల్సింది. విశాఖలో మా డాక్టరు స్నేహితుడికి చెప్పాను. రేపు మామ్మగారిని చూడటానికి బయల్దేరుతున్నాడు" అన్నాడాయన. "ఆపుతాలే. సీటు కోసం ఇంకో అమ్మాయి ఎదురుచూస్తోంది, ఇవాళే పిలుస్తాను. తుప్పు గురించి ఏం తెలిసినా నాకూ రాయి. వంతెనలకీ అదే బెడద."

హైమ ఫోన్ పెట్టేసింది. నేను గుడ్డ పరిచి, గీత గీయడానికి సుద్దముక్క తీశాను.

"ఆగు మామ్మా," అంది. "నీ కుట్టు గట్టిది, నీ దగ్గరే కుట్టించుకుంటాను. కానీ ఈ వదులు నాకొద్దు. ఇదివరకటివి రెండూ గాజువాకలో ఇంకో టైలరు దగ్గరకి పట్టుకెళ్లి బిగించుకున్నాను."

"నాకెందుకు సెప్పనేదే?"

"నీ మొహం సూసి ఎవరు సెప్తారు మామ్మా?"

మారుమాట లేకుండా బట్ట పట్టుకుపోతే నచ్చిందనుకునేదాన్ని. సాకు చెప్పేవాళ్ల పిరికితనమే నాకు కనబడేది, వినేవాళ్ల మొహం ఎలా ఉందో ఆలోచించలేదు. ఇప్పుడు కత్తెర పట్టేముందు "వదులా, బిగువా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా మొహం మెత్తగా పెట్టుకుని కూర్చుంటున్నాను. దీనికంటే మోకాళ్ల నొప్పే నయం.

మార్జిన్ మాత్రం తగ్గించను. అది లోపలుంటుంది, ఎవరికీ కనబడదు.