ఊదా గీతల లోపల కృష్ణవేణి

"నువ్వే చెప్పు. నా జాగాలో నువ్వుంటే లేచి నిలబడేదానివా, కిమ్మనకుండా కూర్చునేదానివా?"

కృష్ణవేణక్క నా వైపు చూడకుండానే అడిగింది. బెంటన్‌విల్‌లో వాళ్ళింటి గ్యారేజీ తలుపు సగం ఎత్తి ఉంది. కింద పాత దుప్పటి పరిచి, దాని మీద తన వేట సూటు పడేసి, దానికి పట్టుకున్న గడ్డి గింజల్ని ఒక్కొక్కటే గిల్లి డబ్బాలో వేస్తోంది.

"లేచేదాన్నేమో అక్కా," అన్నాను.

"లేచాను గదా. లేచినందుకే ఇదంతా. కూర్చునుంటే చాటుగా విన్నది అనేవాళ్ళు. లేస్తే పిల్లల్ని భయపెట్టింది అంటున్నారు. ఇంక నేనేం చెయ్యాలి, గాలిలో కలిసిపోవాలా?"

సంగతి జరిగి రెండు వారాలైంది. అప్పుడు నేను ఊళ్ళో లేను, కాపెల్‌లో మా పెద్దమ్మ కూతురి ఇంట్లో ఉన్నాను. కార్తీక వనభోజనాలకు వెళ్ళిన మనవాళ్ళ మీదికి అడవిలోంచి ఎవరో ఆయుధంతో వచ్చారని వాట్సాప్ గ్రూపులో చదివాను. ఆ ఎవరో కృష్ణవేణక్కేనని తర్వాత ఎవరో చెబితే తెలిసింది. గ్రూపులో మాత్రం ఆ ముక్క ఎవరూ రాయలేదు. ఆమె నోటే విందామని వచ్చి, మొదటినుంచి చెప్పమన్నాను.

"మొదలంటే డార్లీన్ దగ్గరే మొదలు," అంది.

అక్క కొత్తగూడెం నుంచి వచ్చి ఈ ఊళ్ళో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కాంట్రాక్టులు చేసుకుంటున్న మనిషి, భర్త శ్రీధర్‌ది కూడా అదే పని. ఒక సాయంత్రం మట్టిరోడ్డు మీద ఆమె కారుకు జింక అడ్డం వచ్చి గుద్దుకుంది. దిగి ఏడుస్తూ నిలబడితే, పక్క పొలంలోంచి ఒక ముసలావిడ పికప్ ట్రక్కులో వచ్చింది. ఆవిడే డార్లీన్. రోడ్డు పక్కనున్న అడవి, దాని ముందున్న చిక్కుళ్ళ తోట ఆవిడవి. "దీని చుట్టాలు రోజూ నా చిక్కుళ్ళు తింటున్నాయి, నువ్వు ఏడవకు," అందట.

అలా మొదలైన స్నేహం. డార్లీన్ భర్త విలువిద్యలో గట్టివాడు, పోయి చాలాకాలమైంది. ఆయన విల్లు చూసి అక్కకు వేట మీద మనసైంది. వీళ్ళది వీసా బతుకు, తుపాకీ పేరెత్తితేనే శ్రీధర్ గారికి చెమటలు. విల్లుకైతే ఆ గొడవ లేదు. అక్క క్లాసు చేసి, పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, తన చేతి బలానికి తగ్గ విల్లు కొనుక్కుంది. చెట్టు మీద మంచె లాంటిది కట్టుకుని కూర్చుంటారు చాలామంది. అక్క మోకాళ్ళకు అది పడదు. అందుకని నేల మీదే, చెట్టు మొదలుకు వీపు ఆనించి, పొట్టి స్టూలు మీద.

"నేల మీద కూర్చుంటే జింక కళ్ళు, నీ కళ్ళు ఒకే ఎత్తులో ఉంటాయి. చెట్టెక్కినోడికి ఆ బాధ లేదు," అంటూ సూటు ఎత్తి చూపించింది. ఆకుల్లా కత్తిరించిన గుడ్డముక్కలు ఒళ్ళంతా కుట్టిన చొక్కా, ప్యాంటు, మొహానికి వల, చేతికి తొడుగులు. ఎడమ చేతి మీద, రొమ్ము మీద మాత్రం ఆకులు లేవు. "ఇవి నేనే కత్తిరించా. వింటినారి వదిలితే ఆకుల్లో చిక్కుకుంటుంది, బాణం ఎటో పోతుంది. మొదటి ఏడాది అట్లనే పోయింది. షాపువాడేమో ఈ సూటు వేసుకుంటే జింక మీద చెయ్యి వేసి నిమరొచ్చు అన్నాడు. ఉత్త మాట. బట్ట మీద బొమ్మని జింక చూడదు. నువ్వు కదిలితే చూస్తది. అది తల చెట్టు చాటుకి పెట్టినప్పుడే నారి లాగాలి. లేకపోతే ముక్కు గోక్కోవడానికి కూడా లేదు."

కదలిక ఒక ఎత్తు, వాసన ఇంకో ఎత్తు. వేటకు పోయే ముందురోజు ఇంట్లో పోపు బంద్. అగరుబత్తి బంద్. తలకు కొబ్బరినూనె లేదు. గాజులకు టేపు చుట్టుకుంటుంది. సూటును ఎండుటాకులతో, దేవదారు రెమ్మలతో కలిపి మూతపెట్టే డబ్బాలో దాస్తుంది. శనివారం రాత్రుళ్ళు పెరుగన్నం తిని పడుకునే శ్రీధర్ గారు, "జింకలకి ఉన్న మర్యాద ఈ ఇంట్లో నాకుంటే బాగుండు," అని అందరి దగ్గరా అంటుంటారు.

"తన అడవిలో వేటాడినందుకు డార్లీన్ నా దగ్గర పైసా తీసుకోదు," అంది అక్క. "ఆగస్టు రాగానే ఊదా రంగు డబ్బా, బ్రష్ చేతిలో పెడుతుంది. కంచె పొడుగునా చెట్లకి గీతలు వెయ్యాలి. ఇక్కడ చెట్టుకి ఊదా గీత ఉందంటే లోపలికి రావద్దని. బోర్డు పెట్టినంత లెక్క. ఆ గీతలు వేసింది నేను. ఈ చేత్తో. అది గుర్తు పెట్టుకుని మిగతాది విను."

ఆ ఆదివారం ఇంకా తుపాకీల సీజన్ రాలేదు. వస్తే మిగతా వేటగాళ్ళకి కనబడేలా నారింజ చొక్కా తొడుక్కోవాలి. ఆ వారం అడవి విల్లువాళ్ళదే. తెల్లవారకముందే వెళ్ళి కూర్చుంది. పొద్దంతా ఏమీ రాలేదు. మధ్యాహ్నానికి ఒక ఆడజింక ఎండుటాకుల మీద ఆగి ఆగి అడుగులేస్తూ వచ్చింది. బాణం నారికి తగిలించి ఉంది. అది చెట్టు చాటుకు తల పెట్టబోతూ ఆగింది. చెవులు తిప్పింది. తెల్ల తోక ఎత్తి ఒక్క గెంతులో మాయమైంది.

"ముందు జింకకి వినబడింది, తర్వాత నాకు. 'కార్పెట్ ఇటు తేండి, ఇక్కడ నీడ బాగుంది' అని. తెలుగు. డార్లీన్ అడవిలో తెలుగు వినబడితే నేనే నిద్రపోయి కలగంటున్నా అనుకున్నా."

తెలుగు అసోసియేషన్ వాళ్ళు పక్కనున్న పార్కులో షెడ్డు బుక్ చేసుకున్నారు. కానీ వాళ్ళతో వచ్చిన శ్రీవిద్య వాళ్ళ అమ్మ చాముండేశ్వరి గారు, రేకుల కింద తింటే అది వనభోజనం ఎలా అవుతుందన్నారు. కుండీలో ఉసిరిమొక్క ఎత్తుకుని, గిన్నెలు మోసుకుని, కంచె పడిపోయిన చోట దాటి లోపలికి వచ్చేశారు.

"పెద్దావిడ నా గీత దగ్గర ఆగి, 'ఎవరో పుణ్యాత్ములు చెట్లకి బొట్లు కూడా పెట్టారు చూడు' అంది. ప్రెసిడెంటు చక్రపాణి లేడూ, ఆయన జ్ఞాని గదా, 'అది ట్రెయిల్ మార్కింగ్ పిన్నిగారూ, దారి తప్పకుండా వేస్తారు, దీని వెంబడే పోదాం' అన్నాడు. ఆవిడ నా గీత మీద పసుపు రాసి కుంకుమ పెట్టింది. నేను చూస్తూ ఉన్నా. పెద్దావిడకి తెలియదు, సరే. ఈయనకి ఇక్కడ ఇల్లుంది, ఇంటి వెనక చెట్లున్నాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా ఎవరినన్నా అడగొద్దా, ఆ రంగేంటని?"

అక్క గింజలు ఏరడం ఆపింది. మొహం ఎర్రబడింది.

"వెళ్ళిపోతారులే అనుకున్నా. కార్పెట్ పరిచారు. ఉసిరిమొక్క దగ్గర దీపం పెట్టారు. అగరుబత్తులు. నా సూటుకి ఆ వాసన ఇప్పటికీ పోలేదు. శ్రీవిద్య అడిగింది, 'కృష్ణవేణి గారు రాలేదేంటి?' అని. చక్రపాణి ఏమన్నాడో తెల్సా? 'ఆవిడ ఏ పొదలోనో ఆకులు కట్టుకుని తపస్సు చేస్తుంటారు' అన్నాడు. అందరూ నవ్వారు. పోయినేడాది నా జింక మాంసం కీమా కావాలని వచ్చి రెండు ప్యాకెట్లు పట్టుకెళ్ళింది ఆయనే. వాళ్ళావిడకి చెప్పొద్దన్నాడు కూడా. అప్పుడు శ్రీవిద్య పక్కన కూర్చున్న రేణు అంది, 'పాపం, పిల్లాజెల్లా లేరు కదా, ఏదో ఒక కాలక్షేపం' అని."

అక్క ఇంకో గింజ గిల్లి డబ్బాలో వేసింది. వీధిలో ఎవరో ఆకులు ఊదే మిషన్ నడుపుతున్నారు.

"దానికి లేచానని ఇప్పుడు చెప్పుకుంటున్నారు. కాదు. అది విని కూడా కూర్చున్నా. బాణం నారి మీద ఉంది, చుట్టూ పిల్లలు పరుగెడుతున్నారు. మెల్లగా బాణం తీసి అమ్ములపొదిలో పెట్టేశా. అప్పుడు శ్రీవిద్య కూతురు హాసిని బంతి కోసం నా చెట్టు వెనక్కి వచ్చింది. మెల్లగా అన్నా, 'భయపడకమ్మా, నేను కృష్ణా ఆంటీని' అని. పిల్ల భయపడిందా? లేదు. నన్ను పైకీ కిందికీ చూసి, 'ఆంటీ, యూ ఆర్ ఎ ట్రీ' అంది. ఇంకేం, దాక్కుని ఏం లాభం. లేచా. అరిచింది పెద్దవాళ్ళు."

మొహం మీది వల తీసింది. "అయ్యో, మీరా," అన్నాడట చక్రపాణి. కానీ అప్పటికే ఎవరో పోలీసులకు ఫోన్ చేసేశారు. ఎవరు చేశారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు. మళ్ళీ ఫోన్ చేసి, పొరపాటైంది, మా మనిషే అని చెప్పమని అక్క అడిగింది. నువ్వు చెయ్యి అంటే నువ్వు చెయ్యి అనుకుంటూ ఉండగానే రెండు కార్లు వచ్చేశాయి.

"విల్లు కింద పెట్టమన్నారు, పెట్టా. చేతులెత్తమన్నారు, ఎత్తా. మోకాళ్ళ మీద కూర్చోమన్నారు. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. వాళ్ళని అననులే, ఆయుధంతో ఉన్న మనిషని ఫోనొస్తే ఇంకేం చేస్తారు. లైసెన్సు చూసి, సారీ మేడమ్ అని చెయ్యి పట్టి లేపింది కూడా వాళ్ళే. కానీ అంతసేపు మనవాళ్ళు నిలబడి చూశారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, 'ఈవిడ మాకు తెలుసు' అనలేదు. హాసిని 'దట్స్ మై ఆంటీ' అని నోరు తెరిస్తే శ్రీవిద్య పిల్ల నోరు మూసింది. నేను చూశా. చక్రపాణి పులిహోర గిన్నె మీద మూత సర్దుతున్నాడు."

అప్పుడు డార్లీన్ ట్రక్కు వచ్చింది. ఆవిడ దిగి, పోలీసు కార్లను చూసింది. దీపాన్ని, కార్పెట్‌ను, గాలికి పొదల్లోకి దొర్లిన పేపర్ ప్లేట్లను చూసింది. కుంకుమ పెట్టిన ఊదా గీతను చూసింది. కేసు పెడతారా అని పోలీసులు అడిగితే, అక్కర్లేదు, అందరూ బయటికి పోతే చాలు అంది. అక్క దగ్గరకు వచ్చి, "మీవాళ్ళని తీసుకుని వెళ్ళిపో క్రిస్, ఈ ఏడాదికి చాలు," అంది.

"నా వాళ్ళట," అంది అక్క. "నన్ను మోకాళ్ళ మీద నిలబెట్టినప్పుడు నేను ఎవరి మనిషినీ కాను. గిన్నెలు సర్దుకునేసరికి అందరూ నా వాళ్ళు. ఫిబ్రవరి దాకా సీజన్ ఉంది. డార్లీన్ వద్దంటే నాకు వేరే అడవి లేదు, వేరే డార్లీన్ లేదు."

"నువ్వు ఆవిడతో చెప్పలేదా, నువ్వు వాళ్ళతో రాలేదని?"

"నేనెందుకు చెప్పాలి? వచ్చినవాళ్ళు చెప్పాలి. ఆ మర్నాడే చక్రపాణి ఇంటికెళ్ళా. 'ఒక్కసారి డార్లీన్ దగ్గరికి వెళ్ళి, కృష్ణవేణికీ దీనికీ సంబంధం లేదు, తప్పు మాది అని చెప్పండి, ఆ ప్లేట్లు ఏరి రండి' అన్నా. ఆయన కాఫీ ఇచ్చాడు. 'గ్రీన్ కార్డు ప్రాసెస్‌లో ఉందండీ, పర్మిషన్ లేకుండా వెళ్ళామని మనంతట మనమే ఎందుకు ఒప్పుకోవడం, కొన్నాళ్ళు పోతే ఆవిడే మర్చిపోతుంది, మీరూ వదిలెయ్యండి' అన్నాడు. కాఫీ తాగకుండా వచ్చేశా. నాకు మాత్రం వీసా లేదా? నేను చేతులెత్తి మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు అది నా నెత్తి మీద లేదా?"

లోపల్నుంచి శ్రీధర్ గారు తలుపు కొద్దిగా తెరిచి, "పోపు పెట్టుకోవచ్చా ఇవాళ?" అని అడిగారు.

"పెట్టుకో. ఇంగువ కూడా వేసుకో. నేనెక్కడికీ పోవట్లేదు గదా," అంది అక్క.

ఆయన నన్ను చూసి తల ఊపి, తలుపు మూసేశారు. ఎంతసేపైనా వంటింట్లోంచి ఏ చప్పుడూ రాలేదు. పోపు వాసనా రాలేదు. అక్క అటువైపు ఒకసారి చూసింది. సూటు దులిపి మడిచి, ఎండుటాకుల డబ్బాలో పెట్టి మూత నొక్కింది.

నేను లేచాను. కారు దగ్గరిదాకా వచ్చింది.

"ఆ రోజు హడావిడిలో నా స్టూలు అక్కడే ఉండిపోయింది, ఓక్ చెట్టు కింద," అంది. "రేపు ఆఫీసుకి పోయేటప్పుడు డార్లీన్ ఇంటి మీదుగా పో. నీకు పెద్ద చుట్టేం కాదు. కృష్ణవేణి స్టూలు ఉండిపోయింది, తీసుకెళ్ళమంటారా అని అడుగు. అంతే అడుగు. నా తరఫున సారీ చెప్పొద్దు, అది నేను చెప్పాల్సింది కాదు. వాళ్ళ తరఫున అసలే చెప్పొద్దు. తీసుకుపో అంటే తెచ్చెయ్. అక్కడే ఉండనీ అంటే, ఇంకొక్క మాట మాట్లాడకుండా వచ్చి నాకు చెప్పు."

"సరే అక్కా."

కారు స్టార్ట్ చేశాక అద్దం మీద వేలితో కొట్టింది. కిందికి దించాను.

"గేటు దగ్గరే ఆగి హారన్ కొట్టు. ఆవిడ రమ్మనేదాకా ఊదా గీత దాటకు."