హాప్స్ వేశానా?

బర్ దుబాయ్‌లో నేనూ బావా ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. వంట నాది, గిన్నెలు అతనివి. పొయ్యి దగ్గర నాకు మహా మతిమరుపు. "ఉప్పు వేశానా బావా?" అని కేకేస్తే, లోపల్నుంచి "వేశావు" అని వచ్చేది. మాకు చుట్టరికం ఏమీ లేదు, గోదావరి వాళ్లం కాబట్టి బావ అంటే బావే. గురువారం సాయంత్రాలు హోటల్ బార్‌కెళ్లి ఒక గోధుమ బీరు తీసుకుని చెరిసగం తాగేవాళ్లం.

కరోనాలో అతని ఉద్యోగం పోయింది, ఊరెళ్లిపోయాడు. నన్ను కంపెనీ రాస్ అల్ ఖైమాలో రాళ్ల క్వారీ ఆఫీసుకి మార్చింది. ఒక గది, ఒక కంచం. సెలవు రోజున నోరు విప్పే పనే ఉండేది కాదు. ఆ ఖాళీలోనే వీడియోలు చూసి బీరు కాయడం నేర్చుకున్నాను. అది ఇక్కడ బయటికి చెప్పుకునే పని కాదు కాబట్టి కిటికీలు మూసుకునేవాణ్ణి.

రెండేళ్లకి అతను మళ్లీ దుబాయ్ వచ్చాడు. చేతిలో రెండు ఉద్యోగాలు. ఒకటి అబుదాబీలో, ఒకటి మా క్వారీకి పక్కనున్న సిమెంట్ ఫ్యాక్టరీలో. వచ్చే నెల నిన్ను చూడ్డానికి వస్తా, అప్పటికి తేల్చుకుంటా అన్నాడు. ఇక్కడే చేరు, కలిసుందాం అని అడగడానికి నాకు నోరు రాలేదు. అదేం రోగమో, కావలసింది అడగలేను. అందుకని గోధుమ బీరు పెట్టాను.

హాప్స్ అంటే బీరుకి చేదునిచ్చే పువ్వు. నాకు దొరికేది పొడిచేసి గుళికలు కట్టినది, చూడ్డానికి కోళ్ల మేతలా ఉంటుంది. గోధుమ బీరుకి చెంచాడు చాలు. గోధుమ, బార్లీ మొలకల రసం తెర్లుతుండగా లారీ గొడవొకటి వచ్చి ఆఫీసు నుంచి ఫోన్. మాట్లాడి వచ్చేసరికి హాప్స్ వేశానో లేదో గుర్తు రాలేదు. గుళికలు వేడికి కరిగిపోతాయి, చూస్తే తెలియదు. రుచి చూడబోతే నాలుక కాలింది.

"వేశానా?" అన్నాను పైకే. ఏసీ మోత తప్ప ఏమీ లేదు. ఇంకో చెంచా వేశాను. అనుమానం తీరక, పులియబెట్టే సీసాలో పోసి మూత పెట్టబోతూ మరో చెంచా.

అన్నట్టే వచ్చాడు. గ్లాసు నిండా నురగ చూసి మురిసిపోయి ఒక గుక్క తాగాడు. మొహం వంకర్లు పోయింది.

"ఏంటి బావా ఇది, కుంకుడుకాయ రసమా?"

జరిగింది చెప్పాను. "నాకు ఫోన్ చేసి అడక్కపోయావా?" అన్నాడు.

"అక్కడ కూర్చుని నీకేం తెలుస్తుంది?"

"అప్పుడు మాత్రం ఏం తెలిసేది? నువ్వడిగితే వేశావు అనేవాణ్ణి. ఒక్కసారన్నా లేచొచ్చి చూశానా?"

ఇద్దరం నవ్వాం. మర్యాదకి గ్లాసు ఖాళీ చేశాడు. బూట్లు వేసుకుంటూ, మేనేజర్ని అరబ్బీలో ముదీర్ అంటూ చెప్పాడు: "ముదీర్‌తో మాట్లాడేశాను బావా. అబుదాబీయే. ఖలాస్."

మంచిదే బావా అన్నాను. కింద టాక్సీ ఎక్కించి పైకొచ్చి, అతని గ్లాసు కడగడానికి మనసొప్పక అలాగే ఉంచాను. 

కొన్ని నెలల తర్వాత మళ్లీ గోధుమ బీరు పెట్టాను. మళ్లీ అదే అనుమానం. ఈసారి అబుదాబీకి ఫోన్ చేశాను. అతను సైటు మీదున్నాడు, వెనక ఏవో మిషన్ల చప్పుడు.

"బావా, హాప్స్ వేశానా?"

"వేశావు" అన్నాడు, క్షణం ఆలోచించకుండా.

సరేనని సీసా మూత బిగించేశాను. బీరు తయారయ్యాక చూస్తే చేదన్నది లేదు, చప్పగా తియ్యగా చల్లారిన గంజిలా ఉంది. అసలు వేయనే లేదన్నమాట. ఒక్క బాటిల్ కూడా పారబొయ్యకుండా అంతా నేనే తాగాను.