మా వదిన కుట్టిన బైబిలు

మా ఆడపడుచు గురించి నేను నాలుగు మంచి మాటలు చెబుతానంటే మమ్మల్ని ఎరిగినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ నన్ను ఏడిపించని రోజు లేదు, నేను ఆవిడకు ఎదురు చెప్పని రోజూ లేదు. కింద ఆవిడ బైండింగు గది, దాని వెనక ఆవిడ వంటిల్లూ మంచమూ. పైన మేము. మధ్యలో ఇనుప మెట్లు. మా ఇద్దరి అరుపులూ ఆ మెట్ల మీదుగానే పైకీ కిందికీ నడిచేవి.

వీధిలో అందరూ ఆవిడను జిగురక్క అనేవారు. ఎప్పుడు చూసినా వేళ్లకు మైదా జిగురు ఎండిపోయి పొట్టు కట్టి ఉండేది. ఎవరైనా చెయ్యి చాపితే "జాగ్రత్తండోయ్, అతుక్కుపోతారు" అనేది. పెళ్లి మాత్రం చేసుకోలేదు. అడిగితే, "నన్ను చంపుకు తినడానికి తమ్ముడొకడు చాలడా?" అనేది.

ఆ తమ్ముడే మా ఆయన. తల్లి చిన్నప్పుడే పోతే వదినే ఎత్తుకు పెంచింది. మా మామగారు కూడా బైండరే. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ ఆ గదిలోనే, దారపు ఉండల మధ్య, అట్టముక్కల మధ్య పెరిగారు. మామగారు పోయాక సూది వదిన చేతికి వచ్చింది. దానితోపాటు ఆదివారం చర్చిలో వాక్యం చదివే పని కూడా వచ్చింది. మామగారు కూర్చునే ముందువరస బెంచీలోనే వీళ్లు కూర్చునేవారు. తమ్ముడు మాత్రం చదువుకుని కాలేజీలో చరిత్ర మేష్టారయ్యారు.

అక్కడే వచ్చింది తంటా. చరిత్ర చదివినాయన ఊరుకుంటారా? ప్రతిదానికీ ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, విన్నవాళ్లెవరు అని అడగడమే. కూరలో ఉప్పు ఎక్కువైందని నేనంటే దానికీ సాక్ష్యం కావాలి. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, పైకి రాకుండా కింద అక్క పక్కన స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టేవారు. ఏసు కథ చెప్పే నాలుగు సువార్తల కంటే ముందు సంఘాలకు ఉత్తరాలు రాశారక్కా అనేవారు. ఏసు పోయిన చాలా ఏళ్లకు గానీ ఆయన కథ కాగితం మీదికి రాలేదనేవారు. నలుగురు రాసినవాటిలో తేడాలున్నాయని పేజీలు తిప్పి చూపించేవారు.

వదిన సూది ఆపకుండానే జవాబు చెప్పేది. "నలుగురూ ఒకటే మాట చెబితే కూడబలుక్కున్నారంటావు. తలో మాట చెబితే తప్పంటావు. నీకేం పుట్టిందిరా?"

"తప్పని కాదక్కా. మనుషులు రాశారంటున్నాను."

"మనుషులు రాయక మేకలు రాస్తాయా? రాయించిందెవరో అది చెప్పు."

ఒకసారి ఆయన మార్కు సువార్త చివరి పేజీ తీశారు. బాగా పాత ప్రతుల్లో ఇక్కడితో ఆగిపోతుందక్కా అన్నారు. సమాధి దగ్గరికి వెళ్లిన ఆడవాళ్లు ఖాళీ సమాధి చూసి, భయపడి, ఎవరికీ చెప్పకుండా పారిపోయారు, అంతే. ఆ తర్వాతి మాటలు వెనక ఎవరో చేర్చారని పండితులు చాలామంది అంటారని చెప్పారు. వదిన దారం పళ్లతో తెంపి, కళ్లద్దాల మీదుగా చూసింది.

"ఎవరికీ చెప్పకపోతే నీకూ నాకూ ఎలా తెలిసిందిరా మరి?"

ఆయన పగలబడి నవ్వారు. "దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదక్కా" అన్నారు. నేను మెట్ల మీద నిలబడి విన్నాను. ఆ రోజుల్లో వాళ్ల పోట్లాట అలా ఉండేది. పోట్లాడుకుంటూనే ఒకే కంచంలో వేయించిన శనగలు తినేవారు.

ఇల్లు దాటి వెళ్లాకే చెడింది. చర్చిలో కుర్రకారు అడిగారని, ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన ఇవే సంగతులు వాళ్లకు చెప్పారు. మంచిగానే చెప్పారు, నేనూ విన్నాను. కానీ మాట బయటికి వచ్చేసరికి వేరే అయిపోయింది. మేష్టారు బైబిలు అబద్ధమన్నాడట, చివరి పేజీ చింపి పారేయమన్నాడట. సంఘంలో పెద్దాయన ఒకడున్నాడు, మందుల షాపు నడుపుతాడు. ఆయన మా గుమ్మంలోకి వచ్చి వదినతో, "మీ నాన్న ఉంటే ఈ మాట విని తల ఎక్కడ పెట్టుకునేవాడమ్మా?" అని వెళ్లాడు.

అప్పుడు వదిన చేతిలో ఉన్నది చర్చి వేదిక మీది పెద్ద బైబిలే. మామగారు కుట్టిన కుట్టు వదులైతే మళ్లీ కుట్టడానికి ఇచ్చారు. అంత పాత పుస్తకంలో కొన్ని కాగితాలు మడత దగ్గర చిరిగి ఊడి వస్తాయి. వాటికి అంచున పల్చటి కాగితం జిగురుతో అతికించి, చెక్కల మధ్య బరువు కింద ఆరబెట్టి, ఆరాక వాటి చోట్లో పెట్టి కుట్టాలి. కుట్టేముందు పేజీలన్నీ వరసగా సరిచూడాలి. మామగారు నేర్పిన పద్ధతి. వదిన ఎన్నడూ తప్పలేదు.

ఆ రోజు తప్పింది. ఆయన కాలేజీ నుంచి వచ్చి స్టూలు మీద కూర్చుని ఊడిన కాగితాలు అందుకోగానే ఆవిడ విరుచుకుపడింది. "నా పరువు తీశావు. నాన్న పరువు తీశావు. ఆ పుస్తకం ముట్టుకోకు!" అని అరిచింది. ఆయన చేతిలో ఉన్న కాగితాలు లాగేసుకుంది. ఆయన మెట్లెక్కి వచ్చేశారు. ఆవిడ ఏడుస్తూ, తిట్టుకుంటూ, ఆ కోపంతోనే పుస్తకం కుట్టేసింది.

ఆ తర్వాతి ఆదివారం పాస్టరు గారు పట్టుబట్టి మార్కు చివరి అధ్యాయమే చదవమన్నారు. మేష్టారికి జవాబన్నమాట. వదిన నిలబడి చదివింది. ఆడవాళ్లు సమాధి దగ్గరికి వచ్చేదాకా చదివి పేజీ తిప్పింది. అవతల ఉండాల్సిన కాగితం లేదు. లూకా సువార్త మొదటి అధ్యాయం మధ్యలోంచి మొదలైంది. వదిన మళ్లీ వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. చర్చి అంతా మా ఆయన వైపు చూసింది.

ఆయన లేచి వేదిక దగ్గరికి వెళ్లి, పుస్తకం మడత దగ్గర వంగి చూశారు. మందుల షాపాయన, "అమ్మా, నువ్వు కుట్టినప్పుడు కాగితం ఉందా?" అని అడిగాడు.

"నా కుట్టులో కాగితం పోవడం ఏ రోజూ లేదు. ఉంది. ఆ తర్వాత ఎవరో చింపారు" అంది వదిన.

ఆయన అక్క మొహంలోకి చూశారు. ఏదో అనబోయి తల దించుకున్నారు. అందరూ అదే ఒప్పుకోలు అనుకున్నారు.

ఇంటికి వచ్చాక నాకు చెప్పారు. చింపితే కుట్టు దగ్గర కాస్త పీచైనా మిగులుతుంది. అక్కడ ఏమీ లేదు. ఆ కాగితం అసలు కుట్టులోకే వెళ్లలేదు.

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదండీ? నోరు పడిపోయిందా?" అన్నాను.

"చెబితే అక్కకేం మిగులుతుంది? పిల్లలా, ఇల్లా? పుస్తకం కుడితే పేజీ పోదన్న పేరొక్కటే."

"మీకేం మిగులుతుందో ఆలోచించారా?"

"నువ్వున్నావుగా" అని నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడే కిందికి వెళ్లి కడిగేస్తానన్నాను. "చెప్పావంటే నా మీద ఒట్టే" అన్నారు. ఒట్లంటే నమ్మకం లేని మనిషి, నా దగ్గర మాత్రం ఒట్టు పెట్టించుకున్నారు.

ఆయన్ని సంఘం నుంచి తీసేశారు. వదిన మాట్లాడడం మానేసింది. ఏళ్లు గడిచాయి. ఒకే ఇంట్లో, ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటూ, ఆవిడ ఆయన వైపు చూసేది కాదు. నేను గిన్నెలు దబదబా పెట్టేదాన్ని, తలుపులు ధడాలున వేసేదాన్ని. అంతకంటే ఏం చెయ్యను? ఆదివారం పొద్దున ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకునేవారు. వీధి చివర చర్చి. పాటలు వినిపించేవి. ఆయనా సన్నగా గొంతు కలిపి పాడేవారు. ఆ పుస్తకం ఎవరు రాశారో వెతికే మనిషికి దాని మీద ప్రేమ లేదని ఈ జనానికి ఎవరు చెప్పారో నాకు తెలియదు.

తర్వాత గుండె జబ్బు పట్టుకుంది. మంచం దిగలేని స్థితికి వచ్చారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇక మందులతో పని లేదన్నాడు. ఆయనకు ఒక్కటే కోరిక. నాన్న కూర్చున్న బెంచీలో ఒక్క ఆదివారం కూర్చోవాలి. నేను పాస్టరు గారి దగ్గరికి వెళ్లాను. పేజీ చింపినందుకు అందరి ముందూ క్షమాపణ చెబితే కుర్చీలో మోసుకెళ్తామన్నారు.

"చెయ్యని పనికి క్షమాపణ ఎలా చెబుతానే?" అన్నారు ఆయన. చేసిన మనిషి పేరు చెప్పరు, చెయ్యనిది ఒప్పుకోరు. నేను గోడకు తల కొట్టుకున్నాను.

ఆ రోజుల్లోనే, ఆ బైబిలు కుట్టాక వదిన మూలన పడేసిన బరువు పెట్టే పాత చెక్క పగిలింది. పారేద్దామని తిరగేస్తే అడుగున ఒక కాగితం అతుక్కుని ఉంది. అంచున తను అతికించిన పల్చటి కాగితం. ఒకవైపు మార్కు చివరి మాటలు, రెండోవైపు లూకా మొదలు.

ఆవిడ ఇనుప మెట్లు ఎక్కిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కాగితం పట్టుకుని మంచం పక్కన కూలబడింది. "ఒరేయ్, నేనేరా! నేనేరా తమ్ముడూ!" అని గుండెలు బాదుకుంది.

"తెలుసక్కా" అన్నారు ఆయన.

"ఎప్పటినుంచీ?"

"ఆ రోజే చూశానుగా."

ఆవిడ ఆయన కాళ్లు పట్టుకుంది. ఆయన లాక్కోవడానికి కూడా ఓపిక లేక, "ఛ, ఏంటక్కా ఇది, జిగురు అంటిస్తావు" అన్నారు. వదిన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. అన్నేళ్ల కోపం ఆవిడ మీద ఉంచుకున్న నేను, ఆ పూట ఆవిడను లేవదీసి నా భుజం మీద ఏడవనిచ్చాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక వదిన అందరి ముందూ నిలబడింది. నేను తోడు వెళ్లాను. కాగితం ఎత్తి చూపించి జరిగిందంతా చెప్పింది. తప్పు నాది, తమ్ముడిది కాదు, ఈ ఒక్క వారం వాడిని రానివ్వండి అంది. మందుల షాపాయన కాగితం తీసుకుని అటూ ఇటూ చూశాడు. చెడ్డవాడేమీ కాదు. జాలిగానే మాట్లాడాడు.

"అమ్మా, నీ బాధ మాకు తెలుసు. తమ్ముడి కోసం ఎవరైనా ఇంతే చేస్తారు. చిరిగిన కాగితం అతికించడం నీకు చేతిలో పని."

"చింపింది కాదండీ! పుస్తకం తెరిచి చూడండి, పీచు ఉండదు!"

"అది ఎప్పుడో వేరే చోట ఇచ్చి, కొత్త కాగితం వేసి కుట్టించేశాం కదమ్మా. ఆ రోజు ఇక్కడే నిలబడి కాగితం ఉందన్నావు. ఈ రోజు లేదంటున్నావు. ఏ మాట నమ్మమంటావు?"

ఆవిడ అబద్ధం ఆడని మనిషని అదే చర్చిలో చెప్పుకునేవారు. ఒక్కడు నోరు విప్పలేదు. నేను మాత్రం విప్పాను, నోటికొచ్చినట్టు తిట్టాను. నా చెయ్యి పట్టుకుని వదినే బయటికి తీసుకొచ్చింది.

ఇంటికి రాగానే ఆవిడ కుళాయి దగ్గర మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, మెట్లెక్కింది. వెనకే నేను. మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"ఒప్పుకున్నారురా. అందరూ ఒప్పుకున్నారు. పెద్దాయన తనను క్షమించమని నిన్ను అడగమన్నాడు. నాన్న బెంచీలో నీ చోటు అలాగే ఉంచారట. కాస్త ఓపిక రాగానే తీసుకెళ్తాను."

నేను గుమ్మంలో నిలబడిపోయాను. ఎవరన్నారు, ఏమని అన్నారు, నువ్వు చెవులారా విన్నావా అని అడగాల్సిన మనిషి, "సరే అక్కా" అన్నారు. అంతకంటే ఒక్క ముక్క అడగలేదు. ఆవిడ అన్నం కలిపి తెస్తానని కిందికి దిగింది.

"పాపం, అక్కకు అబద్ధం చెప్పడం రాదే" అన్నారు నాతో. కళ్లలోంచి నీళ్లు చెవుల మీదికి కారుతున్నాయి. "రేపెప్పుడైనా అడిగితే, నమ్మానని చెప్పు."

ఆ వారం దాటలేదు. ఊరి బయట అందరినీ పూడ్చే చోటే పూడ్చాం. వదిన వాక్యం చదవబోయి చదవలేకపోయింది. నేను చదివాను, తప్పులు చదివాను.

తిరిగి వచ్చి ఆ బైండింగు గదిలో ఇద్దరమే కూర్చున్నాం. ఎండిన జిగురు గోటితో గీరుకుంటూ ఆవిడ అడిగింది.

"ఏమే, వాడు నా మాట నమ్మాడంటావా?"

"నమ్మారు వదినా. నాతో చెప్పారు" అన్నాను.

ఆవిడ వెంటనే నమ్మేసింది. తిరిగి అడగడం ఆవిడకు ఎప్పుడూ చేతకాలేదు. అది తమ్ముడి పని.